వానగొంతు, ఎండగొంతు

మీకు పాట రాదని మీతో మొట్టమొదట చెప్పింది ఎవరు? ఆలోచించి చెప్పండి. "నాకు పుట్టుకతోనే గొంతు లేదండీ" అని నవ్వేసి తప్పించుకోకండి. పుట్టినప్పుడు వీధంతా వినేలా ఏడ్చారు మీరు. ఆ గొంతు ఎక్కడికి పోయింది? మీ ఆరేడేళ్ల వయసులో ఎవరో ఒకరు "నువ్వు ఊరికే నిలబడు" అని ఉంటారు. మీరు నమ్మి ఉంటారు. ఆ మాట అన్న మనిషికి సంగీతం ఏపాటి తెలుసో అడిగే వయసు కాదు అప్పుడు మీది. ఇప్పుడు ఆ వయసు వచ్చింది కాబట్టి, మీ తరఫున నేను అడుగుతున్నాను.

ఈ మధ్య కళ్యాణదుర్గంలో ఒక ప్రైవేటు బడివాళ్లు నన్ను వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలిచారు. బాబాల మీద, వాస్తు మీద, తాయెత్తుల మీద జీవితమంతా రాసి, వేదికలెక్కి పోట్లాడి, ఊరూరా శత్రువుల్ని సంపాదించుకున్న ముసలిదాన్ని ఎందుకు పిలిచారో నాకు అర్థం కాలేదు. వాళ్లలో ఎవరూ నా వ్యాసం ఒక్కటి కూడా చదవలేదని అక్కడికి వెళ్లాక తెలిసింది. శాలువా కప్పడానికి రెండు భుజాలు కావాలి, అంతే. బస్సు తొందరగా చేరడంతో నేను చాలా ముందే బడి ఆవరణలో దిగాను. రేకుల షెడ్డు కింద ఒకటి, రెండు తరగతుల పిల్లలు వరుసలు కట్టి పాట సాధన చేస్తున్నారు. మొహాలకు అప్పటికే పౌడరు, బుగ్గలకు రంగు. ఎదురుగా కీబోర్డు మాస్టారు, ఆయన పక్కన ఆయనంత ఎత్తు స్పీకరు. పాట స్పీకర్లోంచి వస్తోంది. పిల్లల నోళ్లు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్లి చెవి ఒగ్గి విన్నాను. వెనక వరుసల్లో చిన్న శబ్దం కూడా లేదు. చివర నిలబడ్డ పాపను "నువ్వు పాడవేమ్మా?" అని అడిగాను. ఆ పాప నన్ను ఏమీ తెలియనిదాన్ని చూసినట్టు చూసింది.

"నేను లిప్స్ అవ్వా."

"అంటే?"

"ముందర నిలబడినోళ్లు వాయిస్. మేము లిప్స్. మాకు గొంతు బయటికి రాకూడదు."

మాస్టారు పరుగున వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడే. "నమస్తే మేడం. మంచి గొంతు ఉండే పిల్లోల్లని అనంతపురం తీసుకపోయి స్టూడియోలో రికార్డు చేయించినాం. మిగిలినోళ్లు పెదాలు ఆడిస్తే చాలు. స్టేజీ నిండుగా కనపడల్ల కదా."

"ఎవరిది మంచి గొంతో ఎట్ల తేల్చినావప్పా?"

"నేను యాడ తేల్చినా మేడం! యాప్ తేల్చింది." జేబులోంచి ఫోను తీశాడు. "దీని ముందర ఒక లైను పాడల్ల. శ్రుతి కలిస్తే పచ్చ, కలవకుంటే ఎరుపు. దీంట్లో మన పక్షపాతం ఏమీ ఉండదు. అంతా సైంటిఫిక్."

హేతువాది వస్తోందని ఎవరో చెప్పి ఉంటారు, చివరి మాటను నా కోసం ప్రత్యేకంగా నొక్కాడు. ఆ శ్రుతి ఎవరు పెట్టారని అడిగితే, తన గొంతుకు సౌకర్యంగా ఉన్నది తానే పెట్టుకున్నానన్నాడు. తనకు సౌకర్యమైన చోట కుర్చీ వేసుకుని కూర్చుని, ఆరేళ్ల పిల్లల్ని అక్కడికి ఎగిరి రమ్మనడం, ఎగరలేనివాళ్ల మొహాన ఎర్ర రంగు పూయడం. "నీ ఫోను అబద్ధం చెప్పదు," అన్నాను. "ఈ పిల్ల ఈ నిమిషానికి నీ శ్రుతి కాడ లేదని చెప్పింది. ఈ పిల్లకు గొంతే లేదని చెప్పింది మాత్రం నువ్వు." మాస్టారు నవ్వాడు. పెద్దవాళ్లు ఏదో అంటూ ఉంటారు కదా అన్న నవ్వు. నాకు మాత్రం ఆ ఫోను మీద ఎర్ర రంగులో మా ఊరి నారెప్ప తాత మొహం కనిపించింది.

నారెప్ప తాత మా ఊరి భజన గుంపుకు పెద్ద. తంబూర భుజాన వేసుకుని నడిస్తే ఎదురొచ్చినవాళ్లు చెప్పులు విడిచి పక్కకు తప్పుకునేవాళ్లు. ఆయన చెవి గొప్పదని పేరు. ఆ పేరు పెట్టింది ఎవరయ్యా అంటే ఆయనే. మా వైపు పల్లెల్లో అదను దాటినా వాన పడకపోతే మట్టితో వానదేవుడి బొమ్మ చేసి, పీట మీద పెట్టి, ఒక పిల్లవాడి తలకెత్తి ఇంటింటికీ తిప్పుతారు. ఇంటి ఆడవాళ్లు బయటికొచ్చి ఆ బొమ్మ మీద కడవెడు నీళ్లు పోస్తారు. వెనక పిల్లలు పాడుతూ నడుస్తారు. తాగే నీళ్లకు ఊరిబావి అడుగు గీకే రోజుల్లో మట్టి ముద్దకు కడవెడు నీళ్లు! సరే, ఈ పిచ్చి అన్ని ఊళ్లలోనూ ఉంది. మా నారెప్ప తాత దానికి సొంతంగా ఒక శాస్త్రం జోడించాడు. మనుషుల్లో వానగొంతులు, ఎండగొంతులు అని రెండు రకాలున్నాయట. వానగొంతు పాడితే మబ్బు దిగుతుంది, ఎండగొంతు కలిస్తే దిగిన మబ్బు కూడా లేచిపోతుంది. అంటే మబ్బులకు చెవులున్నాయి, ఆ చెవులకు శ్రుతిజ్ఞానం ఉంది, ఆ జ్ఞానం అవి మా నారెప్ప దగ్గర కూర్చుని నేర్చుకున్నాయి. ఊరు ఊరంతా నమ్మింది.

ఏటా విత్తే అదను దగ్గర పడగానే ఆయన రచ్చకట్ట మీద కూర్చుని బడిలో చిన్న తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచేవాడు. కళ్లు మూసుకుని ఒక చరణం పాడించుకునేవాడు. వానగొంతయితే చేతిలో బెల్లం ముక్క. ఎండగొంతయితే నాలుక కింద వేపాకు. వానపడేదాకా ఆ బిడ్డ పాడకూడదు, ఆ సంగతి నోటికి గుర్తుండటానికి ఆకు. పెద్దవాళ్ల గొంతులు మాత్రం ఆయన ఎప్పుడూ పరీక్షించలేదు. ఊరందరికీ అప్పులిచ్చే రెడ్డి గొంతు పగిలిన డోలులా ఉండేది, ఆయన నాలుక కింద ఆకు పెట్టే ధైర్యం నారెప్పకు లేదు. మూఢనమ్మకానికి ఎప్పుడూ తెలివి ఉంటుంది, తిరిగి కొట్టలేని మనిషి ఎవరో దానికి బాగా తెలుసు. ఆ ఏడు ఆకు మా చెల్లెలు గంగికి పడింది. దానిది ఒకటో తరగతి, నాది మూడో తరగతి. పేరు గంగమ్మ, గొంతు ఎండగొంతు. ఇందులో ఉన్న ఎకసెక్కెం కూడా మా ఊళ్లో ఎవరికీ తట్టలేదు.

ఆ రోజుల్లో మా ఇల్లు ఎప్పుడూ వేరుసెనక్కాయల వాసన వేసేది. విత్తనానికని దాచిన కాయల మూట విప్పి, మధ్యాహ్నం సంగటి తిన్నాక ఇంటిల్లిపాదీ వలవడానికి కూర్చునేవాళ్లం. మా అమ్మ వేళ్లు తడుపుకుంటూ టకటకా ఒలిచేది. గింజ పొర చిట్లితే మొలక రాదని మా నాయన ప్రతి గుప్పెడూ అరచేతిలో పరిచి చూసుకునేవాడు, చూసి, తలుపు దగ్గరికి వెళ్లి ఆకాశం వంక చూసేవాడు, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. ఆ పని పాట లేకుండా సాగేది కాదు. మా అవ్వ ఎత్తుకునేది, అమ్మ అందుకునేది, గంగి మధ్యలో తనకు తోచిన చోట దూరేది. దానిది కింది గొంతు, చెరుకురసం మరలాగా ఒకే చోట గుయ్యిమని తిరిగేది. మాకు అది తప్పని ఎప్పుడూ అనిపించలేదు. వేపాకు పడిన మర్నాడు అది అలవాటుగా నోరు తెరిచింది. మా అవ్వ పొగాకు వాసన కొట్టే అరచేతితో టక్కున దాని నోరు మూసేసింది. "నీకు పుణ్యం ఉంటాది, ఊరికుండమ్మే. నీ నాయన విత్తనం మన్నుపాలు చేస్తావా?" అంది. గంగి మా నాయన వంక చూసింది. మా నాయన గింజల వంక చూశాడు.

ఆరేళ్ల పిల్లకు పాట వేరు, మాట వేరు అని ఎవరు చెప్పాలి? గంగి ఏది పాటో తేల్చుకోలేక, జాగ్రత్త కోసం మొత్తం నోరే మూసేసింది. కోళ్లను పిలవదు. ఆకలేస్తే అన్నం తినే తట్ట తెచ్చి ముందు పెడుతుంది. కట్టెల దగ్గర తేలు కుడితే రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, శబ్దం లేకుండా ఏడ్చింది. కన్నీళ్లు వేళ్ల మీదుగా మోచేతుల దాకా కారడం నేను చూశాను. అమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని, "నా పిల్ల మూగదై పోతాండాది అత్తా" అని గొల్లున ఏడ్చింది. మా అవ్వ తేలు మందు నూరుతూ, "వాన పడినంక మాట్లాడతాదిలే" అంది. అదే మా అవ్వ గంగికి జ్వరం వస్తే నిద్ర మానేసి కూర్చునే మనిషి. ప్రేమ ఉంటే మనుషులు తప్పు చేయరనే పెద్దమనుషులు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

మా బడిలో అన్ని తరగతులకూ ఒకటే గది, ఒకరే టీచరు. ఎస్తేరమ్మ టీచరుది చిలమత్తూరు వైపు. చర్చిలో పాడుకుంటూ పెరిగింది తప్ప సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. పై స్థాయికి పోతే గొంతు పగిలేది. చెయ్యి దురుసు, గోళ్లు మురికిగా ఉంటే స్కేలు విరిగేది. దేవుణ్ణి నమ్మేది, ఆ విషయంలో నాకూ ఆమెకూ కుదరదు. కానీ చిన్నపిల్లలకు పాట ఎలా నేర్పాలో ఆమెకు తెలిసినంత, తర్వాత నేను చూసిన బిరుదుల విద్వాంసులకు తెలియలేదు. స్వరాల పేర్లతో మొదలుపెట్టేది కాదు. హాజరు పాటగా పిలిచేది. "గంగమ్మా, వచ్చినావా?" అని రెండు మెట్ల రాగంలో అడిగితే, అదే రాగంలో "వచ్చినా టీచర్" అని పాడాలి. కళ్లు మూయించి బయటి శబ్దాలు వినిపించేది. రోడ్డు మీద బస్సు గేరు మార్చిన శబ్దం, రోకటి దెబ్బ, ఎవరింట్లోనో చేద గిలక. విన్నదాన్ని నోటితో మళ్లీ చేయమనేది. శబ్దం పైకి పోతే లేచి నిలబడాలి, కిందికి దిగితే గొంతుక్కూర్చోవాలి. మేము రోజంతా లేస్తూ కూర్చుంటూ ఉంటే దారిన పోయేవాళ్లు "టీచరమ్మ గుంజీళ్లు తీయిస్తాండాది" అని మెచ్చుకునేవాళ్లు.

హాజరుకు గంగి పలకడం మానేసిందని గమనించి టీచరు ఒకరోజు దాని గడ్డం పట్టుకుంది. "ఏమే, నోట్లో ఏముండాది? తెరువు." గంగి తెరిచింది. నాలుకంతా పచ్చగా ఉంది. రచ్చకట్ట మీద పెట్టిన ఆకు ఎప్పుడో ఊడిపోయింది. ఎవరూ చెప్పకుండానే ఇది రోజూ పొద్దున్నే ఒక ఆకు కోసుకుని తనే పెట్టుకుంటోంది.

"యాలమ్మే వేపాకు? కడుపులో పురుగులా?"

గంగి పలకదు కాబట్టి నేను లేచాను. "దానిది ఎండగొంతు టీచర్. అది పాడితే వాన రాదంట."

టీచరు పకపకా నవ్వింది. గంగి మొహం చూసి ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"నారెప్ప తాత."

"నారెప్ప తాతకు ఎవరు చెప్పినారు?"

ఆ ప్రశ్న అంతవరకు మా ఊళ్లో ఎవరూ అడగలేదు. తర్వాత జీవితంలో ఎన్ని తర్క గ్రంథాలు చదివినా నాకు పనికొచ్చింది ఆ ఒక్క ప్రశ్నే.

మర్నాటి నుంచి టీచరు భోజనం గంటలో గంగి పక్కన నేల మీద కూర్చునేది. పాడమని అడిగేది కాదు. దాని అరచేయి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని, నోరు మూసుకుని "ఊఁ" అని తీసేది. "ఇది పాటా? నోరు తెరవకుంటే పాట యాడుండాది? నువ్వూ చెయ్యి." కొన్నాళ్లకు గంగి ముక్కుతో ఒక చిన్న గుయ్యిమనే శబ్దం తీసింది, చాలా కింద. టీచరు తన శ్రుతి వదిలేసి ఆ శబ్దం ఉన్న చోటికి దిగి, దానితో కలిసి గుయ్యిమంది. తన గొంతు, ఇంకొకరి గొంతు ఒకటైపోతే ఎలా ఉంటుందో ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. ఉలిక్కిపడి టీచరు మొహంలోకి చూసింది. అలా కలిసిన చోటి నుంచి టీచరు ఒక్క వెంట్రుకవాసి పైకి జరిగింది. గంగి వెంట వచ్చింది. "పిల్ల యాడుండాదో ముందు మనం ఆడికి పోవల్ల," అని మా అమ్మతో చెప్పింది టీచరు. "ఆడ చెయ్యి పట్టుకుంటే మన ఎంట వస్తాది. దూరం నుంచి రా రా అంటే ఎట్ల వస్తాదమ్మా?"

ఇంతలో ఊరేగింపు జరిగింది. నారెప్ప మనవడు ఓబులేసు, రెండో తరగతి, తాత ఏరిన వానగొంతుల్లో మొదటివాడు, ముందు నడిచి గొంతు చించుకున్నాడు. కడవలు ఖాళీ అయ్యాయి. మట్టి దేవుడు కరిగిపోయాడు. ఆకాశం మాత్రం కడిగిన పళ్లెంలా ఉండిపోయింది. శాస్త్రం తప్పని ఎవరైనా అన్నారా? అనరు. ఎవరో ఎండగొంతు దొంగతనంగా పాడి ఉంటుందని అన్నారు. బడి నుంచి పొద్దున్నే హాజరు పాటలు వినిపిస్తున్నాయని ఎవరో అందించారు. నారెప్ప తాత పెద్దమనుషుల్ని వెంటేసుకుని బడి మీదికి వచ్చాడు. వాళ్ల వెనక తల వంచుకుని మా నాయన.

"టీచరమ్మా, నీ బడిలో ఎండగొంతులు పాడతాండాయంట. మబ్బు ఎట్ల నిలుస్తాది?"

"ఏది ఎండగొంతో నీకు తెలుస్తాదా పెద్దాయనా?"

"నా చెవి అబద్ధం చెప్పదు."

"మనిషిని చూడకుండా చెప్తావా?"

"గోడ చాటు నుంచి చెప్తా. గొంతు వినల్ల గాని మొగం ఎందుకు?"

అదే కావాలి టీచరుకు. పెద్దమనుషుల్ని బయట కానుగ చెట్టు కింద గోడకు వీపు పెట్టి కూర్చోబెట్టింది. పిల్లల్ని లోపల గోడ వెంబడి నిలబెట్టింది. పేర్లు పిలవకుండా ఒక్కొక్కరి ముందు ఆగి "వచ్చినావా?" అని పాడింది. పిల్ల జవాబు పాడగానే బయటి నుంచి తీర్పు వచ్చేది. "వాన." "వాన." "ఎండ." ఏమాత్రం తడుముకోకుండా చెప్తున్నాడు మహానుభావుడు. గంగి ముందు ఆగి టీచరు మోకాళ్ల మీద కూర్చుంది. అరచేయి చాపింది. గంగి ఆ చేతిలోకి ఆకు ఉమ్మేసింది. టీచరు కిందికి, ఇంకా కిందికి, గంగి గుయ్యిమనే చోటికి దిగి అడిగింది. ఈ పిల్ల ఇప్పుడు పలకకపోతే ఇంకెప్పటికీ పలకదని మూడో తరగతి బుర్రకు కూడా తెలిసిపోయింది.

"వచ్చినా టీచర్," అని పాడింది గంగి. గొంతు వణికింది, కానీ ఆ శ్రుతి మీదే నిలబడింది.

"ఆహా, వానగొంతంటే ఇది!" అన్నాడు బయటి నుంచి నారెప్ప. "ఉరుము మాదిరి కిందనుంచి వచ్చింది చూడు. ఎవరి పిల్లో గాని దీన్ని ముందర నడిపించల్ల."

ఆ తర్వాత ఓబులేసు. ఊరేగింపులో అరిచి అరిచి వాడి గొంతు గీరుకుపోయింది. "ఎండ! కాలిన పెంకు!" అని తీర్పు పడింది. టీచరు ఇద్దరినీ చెరొక చేత్తో పట్టుకుని బయటికి తీసుకొచ్చి నిలబెట్టింది. పెద్దమనుషుల్లో ఒకాయన కిసుక్కున నవ్వి, నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. మా నాయన తల ఎత్తి గంగిని చూశాడు, ఎప్పుడూ చూడనట్టు.

ఇక్కడితో కథ ఆపితే మీకు బాగుంటుంది. నేను కూడా చాలా సభల్లో ఇక్కడికే ఆపి చప్పట్లు కొట్టించుకున్నాను. జరిగింది వేరు. నారెప్ప తాత లేచి నిలబడ్డాడు, మనవడి వంక చూశాడు, ఊరి వంక చూశాడు. నా చెవి తప్పింది అన్న మూడు మాటలు చాలు. "నా చెవి అబద్ధం చెప్పదు" అని మళ్లీ అన్నాడు. పక్కనున్న వేపచెట్టు నుంచి ఒక ఆకు తెంపి ఓబులేసు నోట్లో కుక్కాడు. "ఈ నాయాలే మబ్బును తరిమినాడు" అంటూ వాణ్ణి రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. తన మాట పోవడం కంటే మనవడి గొంతు పోవడం ఆయనకు చిన్న విషయం. టీచరు అరుస్తూ వాళ్ల ఇంటిదాకా వెంటబడింది. "మావోడికి చదువు చాలు, గొర్లు కాసుకుంటాడు" అని తలుపేశారు. నిరూపణతో మనుషులు మారతారని పుస్తకాలు రాసుకునే నాలాంటివాళ్లు ఆ మూసిన తలుపును తలుచుకుని రాయాలి.

మా ఇంట్లో జరిగింది ఇంకా అందం. మా అవ్వ ఆ సాయంత్రమే గంగిని మిద్దె ఎక్కించి, "పాడవే నా తల్లీ, నీది వానగొంతంట" అని ఆకాశం వైపు తిప్పి నిలబెట్టింది. నిన్న నోరు మూసిన చెయ్యే ఈరోజు నోరు తెరవమంటోంది. మా అమ్మ అత్త మాటకు ఎదురు చెప్పగా నేను చూసింది అప్పుడే. "వానగొంతూ లేదు, ఎండగొంతూ లేదు. అది నా పిల్ల గొంతు. దాని ఇష్టమొచ్చినప్పుడు పాడుకుంటాది" అని పిల్లను దించుకుపోయింది. వాన సంగతి అడుగుతారేమో. పడింది, తనకు తోచినప్పుడు. ఓబులేసు నోరు మూయించినందుకు పడిందని నారెప్ప చెప్పుకున్నాడు. గంగి మిద్దె ఎక్కినందుకని మా అవ్వ. ప్రార్థన చేసినందుకని మా ఎస్తేరమ్మ టీచరు! అందరూ పంచుకోగా మేఘానికి మిగిలిన ఘనత ఏమీ లేదు.

కానీ ఆ టీచరు ఒక పని చేసింది. ఓబులేసు పేరు హాజరులోంచి తీసేయలేదు. బదిలీ అయ్యేదాకా ప్రతి ఉదయం "ఓబులేసూ, వచ్చినావా?" అని పాడేది. జవాబు పట్టేంత సేపు ఆగేది. ఆ తర్వాతే తర్వాతి పేరు.

చాలా ఏళ్ల తర్వాత ఒక సభకు తాడిపత్రి వెళ్లినప్పుడు, బండల పాలిష్ కార్ఖానా ముందు ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో ఒక మనిషి నన్ను ఆపాడు. "నువ్వు గంగమ్మ వాళ్లక్కవి కదా?" అన్నాడు. కళ్లను బట్టి ఓబులేసని పోల్చుకున్నాను. టీ తాగాం. గంగి ఎట్లుందని అడిగాడు. ధర్మవరంలో మగ్గాల ఇంటి కోడలైందని, పని చేసుకుంటూ ఇల్లెగిరిపోయేలా పాడుతుందని, శ్రుతి కలిసే రోజూ ఉంటుంది, కలవని రోజూ ఉంటుందని చెప్పాను. నవ్వాడు.

"టీచరమ్మ నన్ను పిలుస్తాంటే నాకు వినపడేదక్కా. బడి ఎనకాలనే గొర్లు మేపుతాంటి."

"పలకల్సింది కదప్పా!"

"నోట్లో ఆకుండె కదక్కా," అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. "పిల్లోల్లని ఉయ్యాల్లో ఏసి ఊపినా గాని, ఒక్క పదం పాడల్యా. యాడ ఏమైతాదో అని. నాకు తెలుసు ఏమీ కాదని. అయినా నోరు రాలా."

ఏమీ కాదని తెలిసిన మనిషికి కూడా నోరు రాలేదు. ఒకటో తరగతిలో, రెండో తరగతిలో పిల్లల నోట్లో పెట్టింది జీవితాంతం అక్కడే ఉంటుంది, అది బెల్లమైనా వేపాకైనా.

ఆ కాలమే మేలు అని ఈ వ్యాసం చదివి మురిసిపోబోయేవాళ్లకు ఒక మాట. ఆ కాలం దుర్మార్గమైనది, మూర్ఖమైనది. నారెప్ప లాంటివాళ్లు దాన్ని ఏలారు. కానీ నారెప్పకు ఒక భయం ఉండేది, వాన పడకపోతే ఊరికి జవాబు చెప్పుకోవాలి. ఈనాటి మాస్టారు ఎవరికి జవాబు చెప్పాలి? ఆ రోజు కళ్యాణదుర్గంలో ఆ పాప ఉన్న శ్రుతికి కీబోర్డు దించి ఒక్కసారి పాడించమని నేను అడిగాను. "టైం లేదు మేడం, గెస్టులు వచ్చేస్తాండారు" అన్నాడు, గెస్టుతోనే. కార్యక్రమం మొదలైంది. స్పీకరు పాడింది, వెనక వరుసలు నోళ్లు ఆడించాయి. నా పక్క కుర్చీలో ఒక తండ్రి ఫోను ఎత్తి పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. "మా పాప మేడం, ఆ చివర. ఎంత బాగా పాడతాందో చూడండి!" అన్నాడు. చివరన ఉన్నది ఆ పాపే. ఎవరో వేరే బిడ్డ స్టూడియోలో పాడిన గొంతు విని తన కూతురు పాడుతోందనుకుని ఏడుస్తున్న తండ్రి! తన కూతురి గొంతు తెలియని తండ్రి! నారెప్ప గోడ చాటు నుంచైనా విన్నాడు. ఈయన ఎదురుగా కూర్చుని వినలేదు. శాలువా కుర్చీ మీద వదిలేసి నేను లేచి వచ్చేశాను. ఆ గొంతు మీ పాపది కాదని ఆ తండ్రితో చెప్పాకే వచ్చాను. ఆయన నమ్మలేదు, ఫోనులో చూపించబోయాడు.

ఇప్పుడు మీ సంగతి. మీ బిడ్డ ఏదో ఒక బడిలో ఒకటో తరగతిలోనో రెండో తరగతిలోనో ఉంటుంది, మీ బిడ్డ కాకపోతే మీ వీధిలో బిడ్డ. రేపు పొద్దున పని మానుకుని ఆ బడికి వెళ్లండి. ఈ పిల్లలకు పాట నేర్పే గంట ఏదని అడగండి. అలాంటి గంట లేదంటే, ఎందుకు లేదో అడగండి. ఉందంటే ఆ గది తలుపు పక్కన నిలబడి వినండి. మీ బిడ్డ గొంతు వినపడకపోతే లోపలికి వెళ్లండి. ఈ పిల్లకు గొంతు లేదని ఎవరైనా అంటే, వాళ్లెంత గొప్పవాళ్లయినా సరే, చేతిలో తంబూర ఉన్నా ఫోను ఉన్నా సరే, ఆ పిల్ల ఉన్న చోటికి ముందు మీరు దిగి రండి అని చెప్పండి. తలుపేస్తే తట్టండి. నవ్వితే మళ్లీ అడగండి. ఆ పిల్ల నోరు తెరిచి, తన గొంతుతో, ఒక్క ముక్క పాడేదాకా ఆ గది ముందు నుంచి కదలకండి.